నార్వే తీరం వెంబడి, ఆకురాలు కాలంలో, నాన్నతో

శనివారం, ఓస్లో

నార్వేకి జనం జూన్, జూలైలో అర్ధరాత్రి సూర్యుణ్ణి చూడ్డానికి వెళ్తారు, కాదంటే జనవరి తర్వాత మంచు కోసం వెళ్తారు. మేం సెప్టెంబర్ ఆఖర్లో వెళ్ళడం వెనక పెద్ద ఆలోచనేం లేదు. టికెట్లు అప్పుడే చవగ్గా దొరికాయి. ఓస్లోలో ఉద్యోగం చేసే తమ్ముడికి మాత్రం సెలవు దొరకలేదు. "అక్కా, నాన్నను నువ్వే తిప్పుకురా" అని దారి మొత్తం బుక్ చేసి మా చేతిలో పెట్టాడు. ఓస్లో నుంచి రైల్లో కొండలు దాటి ఫ్యోర్డులనే సముద్రపు పాయల్లోకి, అక్కణ్ణుంచి బెర్గెన్‌కి, బెర్గెన్ నుంచి ఓడలో తీరం వెంబడి రష్యా సరిహద్దు దాకా.

నాన్న ఆర్టీసీలో కంట్రోలర్‌గా చేసి రిటైరయ్యారు. ఆ సంగతి ముందే చెప్పాలి. ఎందుకంటే నేను కొండలూ జలపాతాలూ చూస్తుంటే ఆయన దారి పొడుగునా టైమ్‌టేబుళ్ళు చూశారు.

ఓస్లో గురించి ఎక్కువ చెప్పను. 2008లో తెరిచిన ఒపేరా హౌస్ తెల్లరాతి కప్పు నీటి అంచు నుంచే వాలుగా పైకి లేస్తుంది, ఎవరైనా టికెట్టు లేకుండా నడుచుకుంటూ ఎక్కెయ్యొచ్చు. గుస్తావ్ విగెలాండ్ పార్కులో ఒకే రాతిలో చెక్కిన 14 మీటర్ల స్తంభం ఉంది, దాని నిండా ఒకరి మీద ఒకరు పెనవేసుకున్న 121 మంది మనుషులు. కాఫీ తాగేచోట 55 క్రోన్లు తీసుకున్నారు. క్రోన్ అంటే మనకు 8, 9 రూపాయల మధ్య. "రూపాయల్లోకి మార్చుకోవడం మానెయ్యండి, లేకపోతే ఇక్కడ పస్తులుంటారు" అన్నాడు తమ్ముడు. కుళాయి నీళ్ళు మాత్రం ఎక్కడైనా పట్టుకుని తాగొచ్చు. ఇంకో సంగతి, ఆదివారం సూపర్ మార్కెట్లు చాలావరకు మూసేస్తారు. అందుకని ఆ సాయంత్రమే బ్రెడ్డు, అరటిపళ్ళు, పెరుగు కొనుక్కున్నాం. పులిహోర మరదలు కలిపి ఇచ్చింది.

ఆదివారం, బెర్గెన్ రైలు

ఓస్లో నుంచి బెర్గెన్ దాదాపు 500 కిలోమీటర్లు. దారి 1909లో పూర్తయింది. మొదటి రెండు మూడు గంటలు నదులు, పొలాలు, పసుపు పచ్చగా మారిన బర్చి చెట్లు. తర్వాత చెట్లు పొట్టివవుతూ వచ్చి, ఒక చోట మొత్తంగా మాయమైపోయాయి. హార్డాంగర్ పీఠభూమి మీద నేలంతా ఇటుకరంగు, తుప్పురంగు. దగ్గరికి చూస్తే ఆ రంగు చీలమండలెత్తు పొదలది. ఆకురాలు కాలమంటే చెట్లే రంగు మారతాయనుకునే నాకు ఇది కొత్త.

ఫిన్సె స్టేషన్ 1,222 మీటర్ల ఎత్తున ఉంది, ఈ దేశంలో రైలు ఎక్కే అత్యంత ఎత్తయిన చోటు అదే. అక్కడికి కారు దారి లేదు. రైలు ఆగితే ఒక పెద్దావిడ, ఆమె కుక్క, రెండు కిరాణా సంచులు దిగాయి. అంతే. బయట సన్నగా మంచు జల్లు పడుతోంది. "వీళ్ళ కోసం కూడా ఆపుతారా?" అన్నారు నాన్న. ఆ ప్రశ్నే ఆయన వారమంతా అడుగుతూ వచ్చారు.

మిర్‌డాల్‌లో దిగి ఫ్లోమ్ బండి ఎక్కాం. 20 కిలోమీటర్లలో 860 మీటర్లకు పైగా కిందికి దిగే దారి అది, 20 సొరంగాలు. వాటిలో 18 మనుషులు చేత్తో తొలిచినవే. 1920ల్లో మొదలుపెట్టిన పని 1940లో గానీ బండ్లు నడిచేదాకా రాలేదు. మధ్యలో ఖోస్‌ఫోసెన్ జలపాతం పక్కన బండి ఐదు నిమిషాలు ఆగుతుంది. దిగినవాళ్ళంతా తడిసి వచ్చారు. నాన్న దిగలేదు, బ్రేకుల గురించి గార్డును అడుగుతూ కూర్చున్నారు. ఐదు వేర్వేరు బ్రేకు వ్యవస్థలున్నాయని ఆయన చెప్పాక గానీ స్థిమితపడలేదు.

రాత్రి ఫ్లోమ్‌లో ఉన్నాం. ఇంటినుంచి పిన్ని వీడియో కాల్ చేసింది. ఆ రోజు పెత్రమాస, ఎంగిలిపూల బతుకమ్మ. అక్కడ వాకిలి నిండా తంగేడు, గునుగు. మా గది కిటికీ బయట ఫ్యోర్డు చీకట్లో కనిపించడం లేదు.

సోమవారం, నారోయ్‌ఫ్యోర్డ్

పొద్దున కనిపించింది. ఫ్యోర్డు అంటే సముద్రం కొండల్లోకి చొచ్చుకొచ్చిన పాయ, హిమనదులు లక్షల ఏళ్ళు కోసుకుంటూ పోయిన లోయలోకి ఆ తర్వాత ఉప్పునీరు వచ్చి నిండింది. ఫ్లోమ్ ఉన్నది అవుర్‌లాండ్ ఫ్యోర్డు కొసన. అది సోగ్నెఫ్యోర్డుకు ఒక కొమ్మ. సోగ్నె పొడవు 200 కిలోమీటర్ల పైమాటే, లోతు 1,300 మీటర్లు. మేం చూడబోయేది అవుర్‌లాండ్‌కు మళ్ళీ ఒక కొమ్మ, నారోయ్. 2005లో గైరాంగర్ ఫ్యోర్డుతో కలిపి దీన్ని యునెస్కో వారసత్వ స్థలంగా గుర్తించింది. సన్నగా ఉన్నచోట వెడల్పు 250 మీటర్లే.

పడవ బ్యాటరీలతో నడిచేది. ఇంజిను చప్పుడు లేదు కాబట్టి ఒడ్డున గొర్రెల మెడలో గంటలు డెక్ మీదికి వినిపించాయి. వేసవంతా కొండమీద వదిలేసిన గొర్రెల్ని సెప్టెంబర్‌లోనే కిందికి తోలుకొస్తారు. ఊళ్ళో వాళ్ళు, చుట్టాలు, సెలవు పెట్టుకుని వచ్చిన పిల్లలు, కుక్కలు, అందరూ కలిసి చేసే పని. ఒక పచ్చికబయలు మీద ఇద్దరు కుర్రాళ్ళు చేతులు చాచి మందను దొడ్డిలోకి మళ్ళిస్తుంటే మా పడవలో వాళ్ళంతా ఫొటోలు తీశారు. ఆ కుర్రాళ్ళు తల తిప్పి మావైపు చూడనైనా చూడలేదు.

దారిలో ఉండ్రెడాల్ అనే ఊరు. వందకు మించని మనుషులు, అంతకు కొన్ని రెట్లు మేకలు. 12వ శతాబ్దపు చెక్క చర్చి ఒకటుంది, అందులో 40 మంది పడతారు. ఈ ఊరికి రోడ్డు వచ్చింది 1988లో. అప్పటిదాకా పడవే దిక్కు. ఊరి పేరు చెప్పుకుని అమ్మేది మేకపాల గోధుమరంగు జున్ను, అంటే చీజ్. పడవ క్యాంటీన్‌లో కొన్నాం. జున్ను తీశాక మిగిలిన విరుగుడు నీటిని గంటల తరబడి కాస్తే పాలలోని చక్కెర ముదిరి ఆ రంగుకు తిరుగుతుంది. దీన్ని కత్తితో కోయరు. చేతిపారలా ఉన్న చిన్న పనిముట్టుకు మధ్యలో చీలిక ఉంటుంది, దాన్ని గడ్డ మీద అలా లాగితే కాగితమంత పలచటి రేకు పైకి వస్తుంది. ఆ పనిముట్టు కూడా నార్వే వాళ్ళదే, 1925లో ఒక వడ్రంగి తయారుచేశాడు. జున్ను తియ్యగా, వెనకనుంచి ఉప్పగా, చివర్లో మేకవాసనగా ఉంది. నాన్న మూడు రేకులు తిన్నారు. నాకు ఒకటి చాలు.

గుడ్‌వాంగెన్‌లో దిగి బస్సులో వోస్, అక్కణ్ణుంచి మళ్ళీ రైల్లో బెర్గెన్. పడవ దిగిన పావుగంటకు బస్సు, బస్సు దిగిన కాసేపటికి రైలు. మూడింటికీ వేర్వేరు యాజమాన్యాలు. "కనెక్షన్ ఇట్లా కుదర్చాలంటే ముగ్గురు ఒక బల్ల దగ్గర కూచోవాలె" అన్నారు నాన్న.

మంగళవారం, బెర్గెన్

బెర్గెన్‌లో వాన. ఏడాదికి 200 రోజులకు పైగా పడుతుందక్కడ, కాబట్టి వానను చూసి ఎవరూ ఆగరు. పడమటి నుంచి వచ్చే తడిగాలి చుట్టూ ఉన్న కొండలకు తగిలి ఊరి మీదే దులిపేసుకుంటుంది. స్కూలు పిల్లలు నెత్తి నుంచి కాళ్ళ దాకా రబ్బరు బట్టల్లో గుంటల్లో ఎగురుతున్నారు. మా గొడుగులు రేవు దగ్గరి గాలికి వెనక్కి తిరిగిపోయాయి.

బ్రిగ్గెన్ అనే పాత రేవు వీధి తప్పక చూడాలి. ముందునుంచి చూస్తే ఎరుపు, పసుపు చెక్క ఇళ్ళ వరస, పోస్టుకార్డు బొమ్మ. అసలు చూడాల్సింది వెనక సందుల్లోకి వెళ్ళి. కాలికింద చెక్క, గోడ చెక్క, నెత్తిమీద వంగిన వసారా చెక్క. తడిచెక్క వాసన, తారు వాసన. 14వ శతాబ్దం నుంచి 1754 దాకా ఇక్కడ హాన్సా అనే జర్మన్ వర్తకుల సంఘం కొఠీ నడిచింది. ఉత్తరాది నుంచి ఎండుచేప దిగేది, దక్షిణాది నుంచి ధాన్యం వచ్చేది. అగ్గి భయానికి ఈ ఇళ్ళలో పొయ్యి, దీపం నిషేధం. చలికాలంలో కూడా కుర్ర గుమాస్తాలు వణుకుతూ పడుకునేవాళ్ళు, వంటకూ వెచ్చదనానికీ వెనక వేరుగా కట్టిన శాలల్లోకి పోవాల్సిందే. అంత జాగ్రత్త పడ్డా 1702లో మొత్తం తగలబడింది. పాత పద్ధతిలోనే మళ్ళీ కట్టారు. ఇప్పుడు మిగిలినవి 60 పైచిలుకు.

రాత్రి ఎనిమిదిన్నరకు ఓడ కదిలింది.

బుధవారం, ఓలెసుండ్, యోరుండ్ ఫ్యోర్డు

ఈ ఓడ గురించి కాస్త చెప్పాలి, ఎందుకంటే క్రూయిజ్ అనుకుని ఎక్కితే నిరాశపడతారు. స్విమ్మింగ్ పూల్ పక్కన పాటలూ డాన్సులూ లేవు. 1893లో రిచర్డ్ విత్ అనే కెప్టెన్ ట్రోండ్‌హైమ్ నుంచి హామర్‌ఫెస్ట్‌కి వారానికో ఓడ మొదలుపెట్టాడు. అంతకుముందు చలికాలంలో అటు పంపిన ఉత్తరం చేరడానికి నెలలు పట్టేది. దీపస్తంభాలు తక్కువగా ఉన్న ఆ తీరంలో రాత్రుళ్ళు ఓడ నడపడం కుదరదని చాలామంది అన్నారు. విత్ దిక్సూచి, గడియారం, ఏళ్ళ తరబడి రాసుకున్న లెక్కలు పట్టుకుని నడిపించాడు. ఇప్పుడు బెర్గెన్ నుంచి కిర్కెనెస్ దాకా 34 రేవులు, ఏడాది పొడుగునా. నాన్న బుధవారం తెల్లారేసరికి తేల్చేశారు: "ఇది పల్లెవెలుగే తల్లీ. కాకపోతే నీళ్ళమీద."

పోలిక సరిగ్గా కుదిరింది. తెల్లవారుజామున నాలుగింటికి ఏదో రేవు, పేరు కూడా చదవలేనంత చీకటి. ఓడ పక్కన తలుపు తెరుచుకుంటుంది, లోపల్నుంచి ఫోర్క్‌లిఫ్ట్ వస్తుంది. బియ్యం పెట్టెలు, టైర్లు, ఒక వాషింగ్ మెషీను, పూలకుండీలు. ఒక కుర్రాడు బ్యాగు తగిలించుకుని దిగుతాడు, వాడి కోసం ఒకే ఒక కారు ఎదురుచూస్తుంటుంది. పది నిమిషాల్లో తలుపు మూసుకుంటుంది. ప్రతి రేవులోనూ నాన్న స్వెటరు, మంకీ క్యాప్ వేసుకుని రెయిలింగ్ పట్టుకుని నిలబడ్డారు.

ఓలెసుండ్ 1904 జనవరిలో ఒక్కరాత్రి కాలిపోయింది. పదివేల మందికి ఇల్లు లేకుండా పోయింది, చనిపోయింది మాత్రం ఒక్కరే. తర్వాత కొన్నేళ్ళలోనే ఊరంతా ఒకే శైలిలో, రాతితో, ఇటుకతో మళ్ళీ లేచింది. అందుకే శిఖరాలు, గోపురాలు, గోడలమీద లతలు అన్నీ ఒకే వయసువి. మేం ఊళ్ళో తిరిగింది ఫ్యోర్డు నుంచి తిరిగొచ్చాక, సాయంత్రం.

వేసవిలో గైరాంగర్‌కి వెళ్ళే ఓడ సెప్టెంబర్, అక్టోబర్‌లలో యోరుండ్ ఫ్యోర్డులోకి వెళ్తుంది. నా మటుకు నాకు నారోయ్ కంటే ఇదే నచ్చింది. రద్దీ లేదు. కొండల శిఖరాల మీద కొత్త మంచు ఒకే మట్టాన ఆగిపోయి ఉంది, దాని కింద నల్లరాయి, దాని కింద పసుపు బర్చి, నీటి అంచున ఇంకా పచ్చగానే ఉన్న గడ్డి. నాలుగు కాలాలు ఒక్క కొండమీదే. ఉర్కె అనే పల్లెలో చిన్న పడవలో దించారు. యాపిల్ చెట్లున్న రెండు వీధులు, ఒక దుకాణం. ఇంటి గోడలకు చూరు దాకా పేర్చిన కట్టెలు. చలికాలం ఇంకా రాలేదు గానీ ఊరు సిద్ధమైపోయింది.

గురువారం, ట్రోండ్‌హైమ్

1030లో యుద్ధంలో చనిపోయిన ఓలావ్ రాజు సమాధి మీద కట్టిన నిదారోస్ చర్చి ఇక్కడుంది. 1070లో మొదలైన కట్టడం. ప్రస్తుత రాజు హరాల్డ్ 1991లో ఆశీర్వాదం తీసుకున్నదీ ఇక్కడే. ఓడ ఆగేది మూడు గంటలు, చర్చికి పోయిరావడానికి సరిపోయింది.

సెప్టెంబర్ ఆఖరి గురువారం వీళ్ళకు ఫోరికోల్ రోజు. గొర్రెమాంసం, క్యాబేజీ ముక్కలు పొరలుగా పేర్చి, గుప్పెడు మిరియాలు వేసి గంటల తరబడి ఉడికిస్తారు. ఉప్పు, మిరియాలు తప్ప ఇంకేం పడదు. కొండదిగిన గొర్రె, కోతకొచ్చిన క్యాబేజీ, రెండూ ఒకేసారి అందే కాలం కాబట్టి పుట్టిన వంట. ఓడలో అదే పెట్టారు. నాన్న సంచిలోంచి గొడ్డుకారం డబ్బా బయటికి తీశారు. ఎదుటి బల్ల దగ్గరి నార్వే పెద్దాయన చనువుగా అడిగి కాస్త వేసుకున్నాడు, రెండో ముద్దకు ముఖం ఎర్రబడినా గిన్నె ఖాళీ చేశాడు.

రాత్రి తొమ్మిది ప్రాంతంలో ర్యోర్విక్ అనే చిన్న రేవు. ఉత్తరానికి పోయే ఓడ, దక్షిణానికి పోయే ఓడ ఇక్కడ పక్కపక్కన ఆగుతాయి. ఇందులోవాళ్ళు అందులోకి వెళ్ళి చూసి రావొచ్చు. ఈ క్రాసింగ్ చూసి నాన్న ముఖం వెలిగిపోయింది. ఓడ ఆఫీసరు ఒకాయన్ను పట్టుకుని, నన్ను అనువాదకురాల్ని చేసి, ఎన్నాళ్ళ నుంచో కడుపులో ఉన్న ప్రశ్న అడిగారు: ఈ రూటు లాభమా, నష్టమా? ఆయన నవ్వి, ప్రభుత్వం కాంట్రాక్టు ఇచ్చి డబ్బు కడుతుందని, ఇద్దరే ఎక్కే రేవులో కూడా ఓడ ఆగాల్సిందేనని చెప్పాడు. ఆక్యుపెన్సీ లేదని పల్లె రూట్లకు కోత పెట్టే కాగితాలు ఏళ్ళ తరబడి రాసిన మనిషి మా నాన్న. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "వీళ్ళ దగ్గర చమురు డబ్బుంది" అన్నారు. ఇంకాసేపటికి "డబ్బు ఉన్నోళ్ళంతా ఈ పని చెయ్యరు" అన్నారు. దేశం మొత్తం జనాభా 56 లక్షలు, మన హైదరాబాద్ కంటే తక్కువ.

శుక్రవారం, ఆర్కిటిక్ వృత్తం

ఉదయం ఏడింటి ప్రాంతంలో 66 డిగ్రీల 33 నిమిషాల రేఖ దాటాం. చిన్న లంక మీద ఇనుప గోళం, ఓడ హారన్, అంతే. తర్వాత డెక్ మీద సముద్రదేవుడి వేషం వేసుకున్నాయన వీపులో గరిటెడు ఐసునీళ్ళు పోస్తాడు. నేను తప్పించుకున్నాను. నాన్న కాలరు వెనక్కి లాగి మరీ పోయించుకున్నారు, సర్టిఫికెట్ ఇస్తారని.

బోడో దాటాక వెస్ట్‌ఫ్యోర్డు. నాలుగు గంటలు అడ్డంగా దాటుతుంటే లోఫోటెన్ కొండలు ముందు నీలంగా, తర్వాత నల్లగా, గోడలా పెరుగుతూ వచ్చాయి. స్టామ్‌సుండ్, స్వోల్వర్‌లలో ఎండుచేప దండేలు ఖాళీగా ఉన్నాయి, ఒట్టి కర్రలు. ఫిబ్రవరి నుంచి మే దాకా వీటికి కాడ్ చేపలు వేలాడతాయి. ఉప్పు పెట్టరు. వెచ్చటి సముద్ర ప్రవాహం వల్ల ఇక్కడ చలికాలం సున్నా చుట్టుపక్కలే తచ్చాడుతుంది. ఇంకా చలైతే చేప గడ్డకట్టి చెడిపోతుంది, వెచ్చగా ఉంటే ఈగలు వాలతాయి. ఎండినవి ఎక్కువగా ఇటలీకి, తలకాయలు నైజీరియాకి. బెర్గెన్ సందుల్లో చూసిన గోదాములన్నీ ఈ కర్రల మీద కట్టినవే.

స్వోల్వర్ దాటాక, పదకొండు దగ్గర్లో, గదిలో స్పీకరు మోగింది. అందరూ కోట్లు వేసుకుంటూ పైకి పరిగెత్తారు. కళ్ళకు అది ముందు బూడిదరంగు చారే. ఫోనులో మాత్రం ఆకుపచ్చ. కళ్ళు చీకటికి అలవాటుపడ్డాక పచ్చదనం తేలింది, ఆ తర్వాత చార రెండుగా చీలి, అడుగున గులాబీ అంచుతో కదిలింది. భూమికి వంద కిలోమీటర్ల పైన, సూర్యుడి నుంచి వచ్చిన కణాలు ఆక్సిజన్‌ను తాకితే ఆ పచ్చ. క్రిస్టియన్ బిర్కెలాండ్ అనే నార్వే శాస్త్రవేత్త వందేళ్ళ క్రితమే, గాలి తీసేసిన పెట్టెలో అయస్కాంతపు గోళం పెట్టి ఇది చిన్నగా చేసి చూపించాడు. పగలూ రాత్రీ సమానమయ్యే ఈ రోజుల చుట్టూ ఈ వెలుగులకు బలం ఎక్కువ, పైగా నీళ్ళు గడ్డకట్టవు కాబట్టి ఆకాశంలో ఉన్నదంతా కిందా కనిపిస్తుంది. ఆకురాలు కాలంలో వచ్చినందుకు అసలు లాభం ఇదే.

"రోజూ ఈ టైముకే వస్తదా?" అని నాన్న పక్కనున్న ఓడ మనిషిని అడిగారు. నేను అనువాదం చేశాను. దీనికి మాత్రం టైమ్‌టేబుల్ లేదన్నాడతను.

శనివారం, ట్రోమ్సో

నాలుగు గంటల మజిలీ. వంతెన మీదుగా నడిచి 1965 నాటి ఆర్కిటిక్ కెథడ్రల్ దాకా వెళ్ళాం. నడిచి తిరగడానికి మంచి ఊరు, విశ్వవిద్యాలయం వల్ల కుర్రకారు ఎక్కువ. ధ్రువయాత్రల మ్యూజియం చూశాం. 1928లో మరొకరి ప్రాణాలు కాపాడ్డానికి ధ్రువయాత్రికుడు ఆముండ్‌సెన్ విమానం ఎక్కింది ఈ ఊరి నుంచే. తిరిగి రాలేదు. రోవన్ చెట్లకు ఆకులు రాలిపోయి ఎర్రటి కాయల గుత్తులు మాత్రం మిగిలాయి. ఇంకో రెండు నెలల్లో ఇక్కడ సూర్యుడే రాడు, జనవరి మధ్య దాకా.

ఆదివారం, నార్త్ కేప్

హానింగ్‌స్వోగ్‌లో దిగి బస్సు. చెట్టన్నదే లేదు. అక్కడక్కడా రెయిన్‌డీర్ గుంపులు. ఇవి ఇక్కడి ఆదివాసులైన సామి కాపరులవి. వేసవి మేతకు ఈ దీవికి తెచ్చి, ఆకురాలు కాలంలో జలసంధిలో ఈదించుకుంటూ ప్రధాన భూమికి తోలుకెళ్తారు. మనుషులకు మాత్రం 1999 నుంచి సముద్రం అడుగున సొరంగముంది, నీటిమట్టానికి 212 మీటర్ల కింద.

కేప్ అంటే 307 మీటర్ల కొండ అంచు, ఒక ఇనుప గోళం, దాని పక్కన నిలబడి ఫొటో తీసుకునే క్యూ. నిజానికి పక్కనే ఉన్న ఇంకో ముక్కు దీనికంటే ఉత్తరానికి పొడుచుకొచ్చింది, కాకపోతే అది పల్లంగా, చూపుకు ఆనకుండా ఉంటుంది. పేరు దీనికే దక్కింది. గాలికి నిలబడలేకపోయాం. లోపల కాఫీ తాగి వచ్చేశాం, అంతకంటే చెప్పడానికి లేదు.

నాకు గుర్తుండిపోయింది హానింగ్‌స్వోగ్‌లోని తెల్ల చర్చి. 1944లో వెనక్కి తగ్గుతూ జర్మన్ సైన్యం ఫిన్‌మార్క్ అనే ఈ ఉత్తరపు జిల్లాను దాదాపు మొత్తంగా తగలబెట్టింది. ఇళ్ళు, రేవులు, టెలిఫోను స్తంభాలు, అన్నీ. దాదాపు 50,000 మందిని బలవంతంగా దక్షిణానికి తరలించారు. ఈ ఊళ్ళో నిలబడ్డ ఒకే కట్టడం ఈ చర్చి. యుద్ధం తర్వాత, ఇప్పుడే రావద్దని ప్రభుత్వం చెప్తున్నా వినకుండా తిరిగొచ్చినవాళ్ళు ముందు దీంట్లోనే కాపురమున్నారు, ఇక్కడే వండుకున్నారు, ఇక్కడే పడుకున్నారు. చుట్టూ ఉన్న ఇళ్ళన్నీ అందుకే ఒకే ఈడువి.

సోమవారం, కిర్కెనెస్

చివరి రేవు. వీధి పేర్లు నార్వేజియన్‌లో, రష్యన్‌లో. సరిహద్దు కారులో పావుగంట. యుద్ధంలో 300 సార్లకు పైగా బాంబులు పడ్డ ఊరిది, జర్మన్ సైన్యానికి స్థావరం అయినందుకు. జనం గని సొరంగాల్లో తలదాచుకుంటే అక్కడే పిల్లలు పుట్టారు. 1944 అక్టోబర్ 25న సోవియట్ ఎర్రసైన్యం వచ్చి విడిపించింది. ఆ సైనికుడి విగ్రహం ఇంకా ఉంది. సరిహద్దు అవతలి నుంచి ఇప్పుడు పెద్దగా ఎవరూ రావడం లేదు, దుకాణాల్లో ఆ లోటు కనిపిస్తోంది.

కాఫీ షాపులో పనిచేసే అమ్మాయి దక్షిణాది నుంచి వచ్చి స్థిరపడింది. ఇక్కడ కాపురముంటే ఏటా చదువు అప్పులో కొంత మాఫీ, ఆదాయపు పన్ను తక్కువ. 1990 నుంచి ఉన్న ఏర్పాటు. మనుషుల్ని ఈ అంచున ఆపడానికి ఇన్ని తంటాలు పడతారన్నమాట.

విమానం మధ్యాహ్నం. ఓడలో దాదాపు ఆరు రోజులు పట్టిన దారి రెండు గంటలు. ఎయిర్‌పోర్టులో నాన్న ఓడ టైమ్‌టేబుల్ తీసి, మేం రాత్రిపూట దాటేసిన రేవులకు పెన్నుతో టిక్కులు పెట్టారు. వెనక్కి వచ్చేటప్పుడు అవే రేవులు పగలు తగిలేలా వేళలు కట్టారని ఆయనే కనిపెట్టారు. ఇంతలో తమ్ముడు ఫోన్ చేశాడు. "నాన్నా, ఆకాశంలో ఆ వెలుగులు కనపడ్డాయా, ఎట్లా ఉన్నాయి?"

"కనపడ్డయి, బాగానే ఉన్నయి" అన్నారు నాన్న. "ఒరే, ఇన్నేండ్లు ఇక్కడే ఉంటున్నవు గదా, ర్యోర్విక్‌లో క్రాసింగ్ ఎప్పుడన్నా చూసినవా?"